పటిక మూట

నీళ్ల ధార ఎంతో చూపే గాజు గొట్టంలో గోళీ తొమ్మిది దగ్గర నిలబడింది. పక్క గొట్టంలోదీ తొమ్మిది దగ్గరే. ఆపరేటర్ దూలయ్య కళ్లద్దాలు తీసి, తువ్వాలతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. తప్పు అద్దాలది కాదు. లాగ్ బుక్కులో సోమవారం పేజీ తెరిచి, "మామూలు పెట్టె 9, కరెంటు పెట్టె 9" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. రెండో తొమ్మిదిని కాస్త చిన్నగా రాశాడు. అది చూసి బాధపడే మనిషి ఇంకో అరగంటలో ఇల్లందు ఆటో దిగుతుంది.

రెండు పెట్టెల్లోనూ మెంబ్రేన్ పొరలున్నాయి. కంటికి కనబడనంత సన్నటి రంధ్రాలున్న పొరలు. పాత ఓపెన్‌కాస్టు బొగ్గు గుంతలో నిలిచిన నీటిని పంపు లాగి ట్యాంకులో పోస్తుంది, ట్యాంకు నుంచి నీళ్లు పెట్టెల్లోకి వస్తాయి, పొర నీటిని దాటనిచ్చి బురదను ఆపుతుంది. ఆగిన బురద ఊరికే ఉండదు. పొర మీదే పేరుకుని, దాన్ని మూసేసి, చివరికి నీటిని కూడా పోనివ్వదు. కొత్త పొరతో గోళీ ఇరవై దగ్గర ఉంటుంది. ఎనిమిదికి దిగితే కాస్టిక్ సోడాతో కడగాలి. కడిగిన ప్రతిసారీ పొర ఆయుష్షు కొంత తగ్గుతుంది. తునికిబండ తండా ప్లాంటులో తొమ్మిది రోజులకోసారి కడుగుతూ ఏడాదిలో రెండు జతల పొరలను పోగొట్టుకున్నారు.

దానికి కారణమెవరో తలుపు మీద అంటించి ఉంది. కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజర్ రవీందర్ మూడు వారాల కిందట జిగురు పూసి అంటించి వెళ్లాడు: "మెంబ్రేన్లు మూసుకుపోవుటకు ఆపరేటర్ నిర్లక్ష్యమే కారణం. మరల జరిగినచో పనిలోనుంచి తీసివేయబడును." ఎండకు కాగితం అంచులు పసుపు పచ్చబడ్డాయి గాని అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

అంటించిన మర్నాడు పొద్దున్నే తండా నుంచి లాలి రెండు బిందెలతో వచ్చి తలుపు ముందు ఆగింది. ఆమెకు చదువు రాదు. అదేం కాగితమని అడిగింది. దూలయ్య నోటికి ఏదొస్తే అది చెప్పాడు: "నీళ్ల టైము. పొద్దుగాల ఆరు నుంచి తొమ్మిది." లాలి సరేనని బిందెలు నింపుకుని పోయింది. అంతకుముందు ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వచ్చేవాళ్లు. ఆ రోజు నుంచి ఎందుకోగాని తండా మొత్తం ఆరు తొమ్మిది మధ్యే వచ్చి వెళ్లసాగింది. పత్తి ఏరడానికి చీకటితోనే బయల్దేరే ఆడవాళ్లు కూడా ఆరు కొట్టేదాకా చలిలో బిందెల మీద చేతులు పెట్టుకుని నిలబడేవాళ్లు. తన అబద్ధం ఇంత పద్ధతిగా అమలవుతుందని దూలయ్య అనుకోలేదు. దిద్దుకుందామంటే దారి తోచలేదు.

సనోబర్ వచ్చింది. భుజానికి వైర్ల సంచి, చేతిలో రెండంతస్తుల టిఫిన్ డబ్బా. ఖమ్మంలో ఇంజనీరింగు కాలేజీలో పరిశోధన చేస్తోంది. కరెంటు పెట్టె ఆమె చేసిందే, తలుపు మీద కాగితం పడ్డ రెండు రోజులకు తెచ్చి బిగించి, రెండు పెట్టెలనూ ఒకేసారి మొదలుపెట్టింది. తండ్రి మోటార్ వైండింగ్ దుకాణంలో తీగలు చుట్టడం చూస్తూ పెరిగిన పిల్ల కాబట్టి స్క్రూడ్రైవర్‌ను చెంచా పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకుంటుంది. వస్తూనే గోళీల వైపు చూసింది. తర్వాత లాగ్ బుక్కు వైపు చూసింది.

"తొమ్మిదిని చిన్నగ రాస్తే తక్కువైతదా కాకా?" అంది.

"పేజీల జాగ తక్కువున్నది బిడ్డా," అన్నాడు దూలయ్య.

ఆమె నవ్వి డబ్బా విప్పింది. అమ్మ పంపిన ఖిచిడీ, చింతపండు ఖట్టా. ఒక అంతస్తు ఎప్పుడూ దూలయ్యకే. తిన్నంతసేపూ సనోబర్ ఈ శుక్రవారం గురించే మాట్లాడింది. ఆ రోజు పదకొండింటికి సునంద అనే అధికారి వచ్చి రెండు పెట్టెలనూ పోల్చి చూస్తారు. కరెంటు పెట్టె మెరుగని తేలితే ప్లాంటు నిలుస్తుంది, కొత్త పొరలు వస్తాయి. తేలకపోతే శనివారం నుంచి తాళం. తండాకు వారానికి రెండుసార్లు ట్యాంకరు వస్తుంది. దూలయ్య పని ఏమవుతుందో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

మంగళవారం కరెంటు పెట్టె విప్పారు.

పన్నెండు బోల్టులు. దూలయ్య ఒకటి విప్పి దానికి ఎదురుగా ఉన్నది విప్పుతాడు, వరసగా ఎప్పుడూ విప్పడు. బొగ్గు బాయిలో ఇరవై ఆరేళ్లు పంపు నడిపిన చెయ్యి. మూత ఒక పక్కకు లాగకుండా సమంగా లేవాలంటే అదే పద్ధతి. మూత లేపాక ఇద్దరూ వంగి చూశారు. పొర మీద బూడిదరంగు బురద, దోసె మీద రాసిన వెన్నలా నున్నగా పరుచుకుని ఉంది.

సనోబర్ లోపలి భాగాలు ఒక్కొక్కటే పరీక్షించింది. పొర వెనక మైనస్ జాలీని తట్టి చూసింది. ఎదురుగా ఉన్న ప్లస్ రేకును మీటరుతో ముట్టించి చూసింది. అయిదు నిమిషాలకోసారి అరనిమిషం కరెంటు ఇచ్చే డబ్బాను విప్పి, మళ్లీ బిగించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇవే నీళ్లతో, ఇదే పెట్టెతో కాలేజీలో చేస్తే పొర పది రోజులకు కూడా అద్దంలా ఉందట. ఆ నీళ్లు డబ్బాల్లో నింపి పంపింది దూలయ్యే, గుంత ఒడ్డున మోకాళ్లలోతు దిగి.

"అసలు కరెంటు పెడితే ఏమైతది బిడ్డా? నువ్ చెప్పినవ్ గని నాకు సగమే ఎక్కింది," అన్నాడు దూలయ్య. అడగాలని కాదు. ఆమె ఏదో ఒకటి చేస్తూ ఉంటే మంచిదనిపించి అడిగాడు.

సనోబర్ సంచిలోంచి ఒక గాజు నాళం తీసింది. రెండు చేతులు పైకెత్తినట్టు వంపు తిరిగిన నాళం. రెండు కొమ్మల్లో తేట నీళ్లు పోసి, అడుగున ఉన్న సన్నటి గొట్టంలోంచి బురద నీళ్లు మెల్లగా ఎక్కించింది. కాలేజీ నుంచి తెచ్చిన డబ్బాలో మిగిలిన గుంత నీళ్లవి. కింద టీ రంగు, పైన తేట, మధ్యలో గీత గీసినట్టు అంచు. రెండు కొమ్మల్లో రెండు తీగలు దింపి స్విచ్చి వేసింది.

పావుగంటకు దూలయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఒక కొమ్మలో బురద అంచు పైకి ఎక్కుతోంది. రెండో కొమ్మలో దిగుతోంది. ఎవరూ ఊదడం లేదు, కదపడం లేదు.

"మట్టి రేణువు మీద మైనస్ ఉంటది కాకా. గందుకే అది ప్లస్ దిక్కు పోతది, మైనస్‌కు దూరం జరుగుతది. పొర వెనక మైనస్ పెట్టినమనుకో, మట్టి పొర మీద కూసోదు, జరిగిపోతది."

"పెండ్లిల అలిగిన బావమరిది లెక్క," అన్నాడు దూలయ్య. "మనం ఎదురు బోతే అటు తిరుగుతడు."

సనోబర్ ఆ రోజు మొదటిసారి గట్టిగా నవ్వింది. అంతలో పత్తి చేను నుంచి తిరిగొస్తున్న లాలిని దూలయ్య కేకేసి పిలిచి నాళం చూపించాడు. లాలి కాసేపు దీక్షగా చూసి, ఇంత చదువు చదివి బురదను ఎక్కించుడు దించుడేనా అని అడిగింది. అయినా పూర్తిగా ఎక్కేదాకా అక్కడే నిలబడింది.

సాయంత్రం పొర మీది బురదను ముట్టుకోకుండానే పెట్టె మళ్లీ బిగించారు. ఆటో ఎక్కుతూ సనోబర్, నాళం కిటికీలో పెట్టానని, కావాలంటే మీరూ చేసి చూడండని చెప్పింది. ఆమె వెళ్లాక దూలయ్య రోజూ చేసే పని ఒకటి చేశాడు. నిచ్చెన ఎక్కి, ట్యాంకు మూత తీసి, తాడు లాగి, తడిసి కరిగిన గుడ్డ మూట విప్పి, అందులో పావుకిలో పటిక ముక్క వేసి మళ్లీ దింపాడు.

అది బాయి అలవాటు. అండర్‌గ్రౌండులో తాగే నీళ్ల డ్రమ్ములో పటిక మూట వేలాడదీయడం పంపు మీద ఉన్నవాడి పని. పొద్దున షిఫ్టు వాళ్లు దిగేసరికి నీళ్లు తేటపడేవి. ఎవరూ చెప్పేవాళ్లు కాదు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. తలుపు మీద కాగితం పడ్డ రోజు దూలయ్య ఆ అలవాటును బయటికి తీశాడు. నీళ్లు కాస్త తేటగా వస్తే పొర మీద బరువు తగ్గుతుందనుకున్నాడు. అనుమతి లేకుండా ఏదీ కలపొద్దని రవీందర్ హుకుం కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఇల్లందు బస్టాండు దగ్గర కిరాణా కొట్టు మహబూబ్ అలీ మాత్రం, వారం వారం ఇంత పటిక ఏం చేస్తున్నావు, సెలూన్ ఏమైనా పెట్టావా అని అడిగి, మాసిన గడ్డం చూసి ఆ అనుమానం తనే వాపసు తీసుకున్నాడు.

బుధవారం పొద్దున తొమ్మిదికి బిందెల వరస అయిపోయాక దూలయ్య కిటికీలోని నాళం దించాడు. సనోబర్ చేసినట్టే తేట నీళ్లు పోశాడు. బురద నీళ్ల కోసం గుంతదాకా పోవడం ఎందుకని ట్యాంకు అడుగు కుళాయి తిప్పి గ్లాసెడు పట్టాడు. తీగలు దింపి స్విచ్చి వేసి, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

పావుగంట గడిచింది. అంచు ఎక్కలేదు, దిగలేదు. అరగంటకు రెండు కొమ్మల్లోనూ బురద సమంగా కిందికి జారి, అడుగున దూది పింజల్లా కూర్చుంది. తీగలు మార్చి పెట్టాడు. అదే తీరు. ప్లస్ అన్నా లెక్క లేదు, మైనస్ అన్నా లెక్క లేదు.

చెంబు తీసుకుని గుంతదాకా నడిచాడు. రెండు వందల అడుగులు. అక్కడి నీళ్లు తెచ్చి నాళంలో పోసి స్విచ్చి వేశాడు. బురద బుద్ధిగా ఒక పక్క ఎక్కింది, ఒక పక్క దిగింది.

దూలయ్య లేచి పైపు వెంట చూపు పోనిచ్చాడు. గుంత, పంపు, పైపు, ట్యాంకు. గుంత దగ్గర కదిలే మట్టి ట్యాంకు దాటాక ఎందుకు కదలడం లేదు? పైపు ఇనుపది, పాతదే, దానికి ఇందులో పాత్ర లేదు. ఇక ట్యాంకులో ఉన్నది నీళ్లూ, తన మూటా.

మెల్లగా నిచ్చెన ఎక్కాడు. తాడు లాగాడు. మూట నీళ్లు కారుస్తూ చేతికొచ్చింది. ఇంత చిన్న మూట. దిగి, షెడ్డు వెనక్కి వెళ్లాడు. అక్కడంతా తుమ్మ పొదలు. విసిరేస్తే చాలు, ఎవరికీ తెలియదు. కాని ట్యాంకులో అయిదు వేల లీటర్ల పటిక నీళ్లు అలాగే ఉంటాయి, పొరల మీద ఇరవై రోజుల బురద అలాగే ఉంటుంది. శుక్రవారం ఇంకా రెండు రోజులే. చెబితే తలుపు మీది కాగితం నిజమవుతుంది. ఇన్నాళ్లూ అది అబద్ధమని తనకు తెలుసు కాబట్టే చింపకుండా దాని పక్కనుంచి తిరగగలిగాడు.

అప్పుడే మోటార్ సైకిల్ చప్పుడైంది. తర్వాత సనోబర్ వచ్చే ఆటో. లోపలి మాటలు కిటికీలోంచి వెనక పొదల దాకా వినిపిస్తున్నాయి. రవీందర్ గోళీలు చూసినట్టున్నాడు, గొంతు హుషారుగా ఉంది.

"మేడం, నేనొకటి చెప్త వినుండ్రి. మీ మిషన్ మంచిదే. నడిపేటోడు సక్కగ నడపలే. గట్ల రాసిస్తే మీ చదువు ఆగం గాదు, మా కాంట్రాక్టు ఆగం గాదు. ఆపరేటర్‌ది ఏముంది, ఇంకోడొస్తడు."

"ఆయన ఏం తప్పు చేసిండని రాయాలె సార్?"

"ఏదో ఒకటి. టైముకు రాలేదని రాయుండ్రి."

కాసేపు పేజీలు తిప్పిన చప్పుడు. "ఇరవై రోజుల లెక్క ఇది. ఒక్క గంట తప్పలే. లేని తప్పు నేను రాయను సార్. ఫెయిలైతే నాదే ఫెయిలైందని రాస్త."

దూలయ్య చేతిలోంచి చుక్కలు కారి చెప్పు మీద పడుతున్నాయి. ఆయన షెడ్డు చుట్టూ తిరిగి లోపలికి వెళ్లాడు. టేబుల్ మీద, ఇద్దరి మధ్య, మూట పెట్టాడు.

"రాయి బిడ్డా. తప్పున్నది," అన్నాడు. "పటిక. రోజూ పావుకిలో. ఇరవై రెండు రోజుల సంది ట్యాంకుల ఏస్తున్న. ఎవ్వలకు చెప్పలే."

మూట నీళ్లు పారి రవీందర్ ఫోను కిందికి చేరాయి. అతను ఫోను ఎత్తి ప్యాంటుకు తుడుచుకుంటూ, చూశారా, నేను ముందే చెప్పాను కదా, కాగితం ఊరికే అంటించానా అని మొదలుపెట్టాడు. సనోబర్ అతని మాట వింటున్నట్టు లేదు. మూట ముడి విప్పింది. కరిగి నున్నబడ్డ తెల్లటి ముక్కను వేలితో రుద్ది, ఆ వేలు నాలుక చివర ఆనించి, ముఖమంతా ముడుచుకుంది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. దూలయ్యకు ఏం చేయాలో తెలియక మంచినీళ్ల గ్లాసు అందించాడు.

"కాకా," అంది చివరికి, "పటిక మట్టి మీదున్న మైనస్‌ను చంపేస్తది. అలగడం మర్చిపోయిన బావమరిది అయితడు. ఇగ కరెంటు ఎటు గుంజుతది?"

"గదే నాళంల చూసిన. ట్యాంకు నీళ్లు కదల్లే, గుంత నీళ్లు కదిలినయ్."

ఆమె నవ్వు ఆగింది. "మీరే చేసి చూసిండ్రా? రెండు నీళ్లతోని?"

ఆయన తల ఊపాడు. సనోబర్ లాగ్ బుక్కు పాత పేజీలు తిప్పింది. పటికకు ముందు కడిగింది తొమ్మిది రోజులకు, తొమ్మిది రోజులకు, ఎనిమిది రోజులకు. పటిక పడ్డాక ఇరవై రోజులైనా మామూలు పెట్టె ఇంకా తొమ్మిది మీద నడుస్తోంది. అదెందుకు ఇన్నాళ్లు ఆగిందో తనకు ఇప్పుడు సమజైందనీ, కరెంటు పెట్టె చెడిందనే దిగులులో మామూలు పెట్టె బాగుపడిందన్న సంగతే చూడలేదనీ చెప్పింది. పటిక మామూలు పెట్టెను నిలబెట్టింది, కరెంటు పెట్టెను కూర్చోబెట్టింది.

పెన్ను తీసి దూలయ్య చేతిలో పెట్టింది. జరిగింది జరిగినట్టు లాగ్ బుక్కులో రాయమంది. రవీందర్ కూడా, రాయి, నీ చేత్తోనే రాయి, సంతకం కూడా పెట్టు అన్నాడు. దూలయ్య రాశాడు. ఈసారి ఏ అక్షరాన్నీ చిన్నగా రాయలేదు.

శుక్రవారానికి చేయగలిగింది ఒక్కటే. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, కడిగి, పొరలు రెండూ కడిగి, గుంత నీళ్లతో మళ్లీ మొదలుపెట్టడం. అంటే తండాకు ఒక పూట నీళ్లుండవు. దూలయ్య వెళ్లి లాలి ముందు నిలబడి ఆ ముక్క చెప్పాడు. తప్పు తనదేనని కూడా చెప్పాడు. లాలి అంతా విని, ఒక పూట నీళ్లకు ఇంత ముఖం పెట్టావు, మా ఆయన పెళ్లి చూపులకొచ్చినప్పుడు కూడా ఇలా నిలబడలేదు అంది. తర్వాత తండా వైపు తిరిగి తమ భాషలో ఏదో కేక వేసింది. పది నిమిషాల్లో ఎనిమిది మంది ఆడవాళ్లు చీపుర్లు, బకెట్లతో వచ్చారు.

ట్యాంకు నీళ్లు పక్కనే ఉన్న రూప్‌సింగ్ పత్తి చేనులోకి వదిలారు. అతను పార పట్టుకుని కాలువ తీస్తూ, నా పత్తికి గడ్డం గీస్తున్నారా అని అడిగాడు. ట్యాంకు లోపలికి దిగడానికి లాలి నిచ్చెన ఎక్కింది గాని మూత దగ్గర ఆగిపోయింది. మూత చిన్నదని ఆమె, మనిషి పెద్దదని మిగతా వాళ్లు. చివరికి ఆమె కోడలు భాను దిగింది. డిగ్రీ చదివిన పిల్ల, సన్నటి మనిషి. లోపలినుంచి ఆమె గొంతు గంట మోగినట్టు వచ్చేది. చీపురు అడిగితే బకెట్టు ఇచ్చారని ఒకసారి, అత్తమ్మ మూతకు అడ్డం నిలబడితే వెలుతురు రావడం లేదని ఒకసారి. బయట ఎనిమిది మందీ నవ్వేవాళ్లు, లాలి అందరికంటే ఎక్కువ.

షెడ్డులో దూలయ్య, సనోబర్ పొరలు కడిగారు. కాస్టిక్ సోడా నీళ్లు ఒక గంట తిప్పారు. తర్వాత మంచి నీళ్లు, పరీక్ష కాగితం ముంచితే రంగు మారకుండా అయ్యేదాకా. దూలయ్య బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. ఒకటి బిగిస్తూంటే సనోబర్ వచ్చి దాని ఎదురుది బిగించింది. నేర్చుకోమని ఎవరూ చెప్పలేదు. సాయంత్రం అయిదింటికి పంపు వేశారు. రెండు గోళీలూ లేచి ఇరవై దగ్గర ఆగాయి.

గురువారం పొద్దున మామూలు పెట్టె పద్దెనిమిది. కరెంటు పెట్టె ఇరవై. దూలయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు, ఈసారి రెండుసార్లు. మధ్యాహ్నం పదిహేడు, ఇరవై. సనోబర్ గంటకోసారి లేచి గోళీల దగ్గరికి వెళ్తూంటే, చూస్తే దిష్టి తగులుతుందని లాలి ఆమెను బయట కూర్చోబెట్టి పత్తికాయ ఒలవడం నేర్పింది. సాయంత్రం ఎవరూ చెప్పకుండానే దూలయ్య చెయ్యి తాడు కోసం నిచ్చెన వైపు పోయింది. అక్కడ తాడు లేదు. చేతిని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం తెల్లవారి ఆయన గడ్డం గీసుకున్నాడు. మిగిలిన పటిక ముక్క తడిపి బుగ్గలకు రుద్దుకున్నాడు. చల్లగా, చురుక్కుమంది.

సునంద గారు పదకొండింటికి చెప్పినట్టే వచ్చారు. యాభై ఏళ్ల మనిషి, కాళ్లకు బురద బూట్లు. మామూలు పెట్టె పదిహేను, కరెంటు పెట్టె ఇరవైకి గోరంత కింద. ఆమె గోళీలు చూసి, గడియారం చూసి, ఒక గంట ఆగి మళ్లీ చూస్తానని లాగ్ బుక్కు తీసుకుని కూర్చున్నారు. రవీందర్ పక్కన నిలబడి, ఆపరేటర్ పటిక వేసి పరీక్షను పాడుచేశాడని, తామే కనిపెట్టి సరిచేశామని చెప్పాడు. ఆమె తల ఎత్తకుండా బుధవారం పేజీ చదివారు. ఆ పేజీలో ఇలా ఉంది: "22 రోజులుగా పటిక వేసినాను. ఎవరికీ చెప్పలేదు. నాళంలో ట్యాంకు నీళ్లు పోస్తే మట్టి కదలలేదు. తీగలు మార్చినా కదలలేదు. గుంత నీళ్లు పోస్తే కదిలింది. కాబట్టి మూట తీసినాను. దూలయ్య."

"దూలయ్య ఎవరు?"

ఆయన ముందుకొచ్చాడు.

"ఇది నాకు చూపిస్తారా?"

దూలయ్య నాళం దించాడు. సనోబర్ సాయం చేయబోయి, ఆగి, చేతులు వెనక్కి కట్టుకుంది. ఆయన తేట నీళ్లు పోశాడు, బురద నీళ్లు మెల్లగా ఎక్కించాడు, తీగలు దింపాడు. సునంద గారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఇరవై నిమిషాలు ఫోను తీయకుండా చూశారు. తర్వాత చెంబులోని గుంత నీళ్లలో చిటికెడు పటిక పొడి వేసి మరోసారి చేయమన్నారు. మట్టి కదలడం మానేసింది.

గోళీలు మళ్లీ చూశారు. పద్నాలుగున్నర, ఇరవైకి గోరంత కింద. ఆమె లేచి చెప్పాల్సింది రెండు మాటల్లో చెప్పారు. ప్లాంటు మూయడం లేదు. ఇంకో పెట్టె వస్తుంది, దానికి విడిగా చిన్న ట్యాంకు వస్తుంది, అందులో లెక్క ప్రకారం పటిక వేస్తారు. ఒకటి మామూలుది, ఒకటి కరెంటుది, ఒకటి పటికది, మూడు నెలలు.

"తప్పు చేసి దాచిన వాళ్లను చాలా మందిని చూశాను," అన్నారు సనోబర్‌తో. "తప్పును రెండు నీళ్లతో పరీక్ష చేసి రాసినాయన్ని చూడలేదు. లాగ్ బుక్కు ఈయన చేతిలోనే ఉండాలి." దూలయ్య వైపు తిరిగి, "ఇక ముందు ఏం వేసినా ముందు రాసి వేయండి," అన్నారు. ఆయన తలవంచుకుని సరేనన్నాడు. ఆ మాట ఆయనకు న్యాయంగా తోచింది.

బయటికొస్తూ తలుపు దగ్గర ఆగారు. కాగితం చదివారు. తేదీ చూశారు. చేతిలో ఇంకా లాగ్ బుక్కు ఉంది. నిర్లక్ష్యం ఏ పేజీలో ఉందో చూపించమని రవీందర్‌ను మామూలు గొంతుతోనే అడిగారు. అతను కొన్ని పేజీలు తిప్పాడు. ఇంకొన్ని తిప్పాడు. తర్వాత ఫోనొచ్చిందని పక్కకు వెళ్లాడు. ఫోను మోగినట్టు ఎవరికీ వినిపించలేదు.

అందరూ వెళ్లాక దూలయ్య తడి గుడ్డ తెచ్చి కాగితాన్ని నానబెట్టాడు. జిగురు గట్టిది. అంచు నుంచి గోటితో లేపుతూంటే వెనక లాలి వచ్చి నిలబడింది. పక్కన భాను కూడా ఉంది.

"ఏందన్నా, నీళ్ల టైము కాగితం తీస్తున్నవ్?"

"టైము మారింది," అన్నాడు దూలయ్య, వెనక్కి తిరగకుండా.

లాలి బిందెను నడుముకు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చుకుంది. "నువ్ చెప్పిన రోజే మా భాను సదివి చెప్పింది గదన్నా, గండ్ల ఏమున్నదో."

గుడ్డ ఆయన చేతిలో ఆగిపోయింది.

"మరి ఆరు నుంచి తొమ్మిది...?"

"నువ్వే చెప్తివి గద ఆరు నుంచి తొమ్మిదని. ఒక్కరు పదింటికొచ్చినా నీ మాట పోతది. పోతె నీకు సిగ్గైతది. గందుకే తండా మొత్తానికి చెప్పిన, ఆరింటికే పోవాలె, తొమ్మిదికే రావాలె అని." ఆమె కొంగు భుజాల మీదికి లాక్కుంది. "సలిల సచ్చినమన్నా. జల్ది మార్చు టైము."

దూలయ్య కాగితం మిగతా ముక్క లాగేశాడు. తలుపు మీద దాని ఆకారం తెల్లగా నలుచదరంగా మిగిలింది. కళ్లద్దాలు మసకబారితే తీసి తువ్వాలతో తుడుచుకున్నాడు. ఈసారి కూడా తప్పు అద్దాలది కాదు. లోపలికి వెళ్లి లాగ్ బుక్కు చివరి నుంచి ఒక కాగితం చింపి, గుండ్రటి పెద్ద అక్షరాలతో రాసి, మెతుకులతో అదే జాగాలో అంటించాడు.

"ఏం రాసినవ్? సదువు," అంది లాలి.

"నీళ్లు ఎప్పుడైనా పట్టుకోవచ్చు."

"గీసారి ఉన్నదే సదివినవా?"

"ఉన్నదే."

లాలి కాగితాన్ని పై నుంచి కింది దాకా చూసింది. సరేనన్నట్టు తల ఊపింది. అయినా ఎందుకైనా మంచిదని కోడలి భుజం పట్టుకుని తలుపు దగ్గరికి జరిపింది.

"భానూ, నువ్వొకపాలి సదువు."